తాతగారు లేవని గురువారం

ఆ గురువారం పొద్దున్న తాతగారు లేవలేదు.

తాతగారంటే మనిషి కాదు. బొబ్బిలిలో మా బ్రెయిలీ ముద్రణాలయంలో కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రం ఒకటుంది. చూపులేని పిల్లలు వేళ్ళతో చదువుకునే పుస్తకాలు అందులోంచే వస్తాయి. దానికి పద్దెనిమిదేళ్ళు. దాన్ని నడిపే ప్రోగ్రాము ఏనాటిదో, కొత్త కంప్యూటర్లలో ఎక్కదు. అందుకని ఒక పాత కంప్యూటర్ని ఉన్నదున్నట్టుగా ఫైళ్ళలోకి మార్చి, కొత్త కంప్యూటర్ కడుపులో పెట్టారు. కొత్తదాంట్లో ఒక బటన్ నొక్కితే లోపల పాతది లేస్తుంది. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. మా వాళ్ళు తాతగారంటారు. పొద్దున్నే ఎవరొచ్చినా చెప్పులు విడుస్తూ మొదట అడిగే మాట, "తాతగారు లేచారా?"

నా పేరు గౌరీశ్వరి. ఇంజినీరింగ్ ఫస్ట్ క్లాసులో ప్యాసయ్యాను. ఆ సంగతి ఆ రోజుల్లో అడగనివాళ్ళకి కూడా చెప్పేదాన్ని. మా ముద్రణాలయంలో పనిచేసే ఆరుగురిలో కళ్ళు కనబడేది నాకొక్కదానికే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పనక్కర్లేదని అనుకునేదాన్ని. అందరికీ తెలిసిందే కదా.

మా పెద్ద పైడిరాజు మాస్టారు. ఆయనకి ఐదో ఏట చూపు పోయింది. కంప్యూటర్ అంతా చెవులతోనే నేర్చుకున్నారు. తాతగారిని కొత్త కంప్యూటర్లో కూర్చోబెట్టింది కూడా ఆయనే. నన్ను పనిలో పెట్టుకున్న రోజు, "నేను చెప్పగలిగింది చెబుతాను, మిగతాది నువ్వే పట్టుకోవాలి" అన్నారు. ఈ కాలం కంప్యూటర్ల గురించి ఈ పెద్దాయన నాకు చెప్పేదేముంటుందని నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

సరే, ఆ గురువారం. సాలూరు అవతల కొండల్లో చూపులేని ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. అక్కడ పదో తరగతి పిల్లలు పదకొండుమంది. శనివారం వాళ్ళకి లెక్కల పరీక్ష. లెక్కల పుస్తకం బ్రెయిలీలో నాలుగు భాగాలయింది. మూడు వెళ్ళాయి. త్రికోణమితి ఉన్న నాలుగోది ఇంకా అచ్చు కాలేదు. కళ్ళున్న పిల్లలకి జూన్‌లో చేతికొచ్చిన పుస్తకం మాకు పైనుంచి వచ్చిందే ఫిబ్రవరి చివర్లో. అడిగితే, "మీ పిల్లలు ఎంతమందమ్మా, పదకొండేగా" అన్నాడొక పెద్దమనిషి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

హాస్టలు వ్యాను సాయంత్రం నాలుగింటికి వస్తుంది. అందులో పుస్తకాలు వెళితే పిల్లలకి చదువుకోడానికి శుక్రవారం ఒక్కరోజు దొరుకుతుంది. వెళ్ళకపోతే అదీ లేదు; ఆ కొండకి బస్సు లేదు, వ్యాను మళ్ళీ వచ్చేది పరీక్ష అయ్యాకే. ఒక్కో ప్రతికి నలభై నిమిషాలు పడుతుంది. ఎనిమిదిన్నరకి మొదలుపెడితే నాలుగింటికి పదకొండూ అయిపోతాయి. ముందురోజే లెక్క వేసి గోడకి అంటించాను కూడా.

ఎనిమిదింటికి బటన్ నొక్కాను. తాతగారు లేస్తున్నట్టు చూపించే గీత సగం దాకా పాకింది. పెట్టె ఒకటి తెర మీదకొచ్చింది. అందులో ఏదో ఇంగ్లీషు, నాలుగు లైన్లు. సరే అని నొక్కి మూసేశాను. మళ్ళీ బటన్ నొక్కాను. మళ్ళీ పెట్టె. మళ్ళీ మూశాను.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. కరెంటు తీసి పెట్టాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకడు అది చెయ్యమన్నాడు, ఇంకొకడు ఇది చెయ్యమన్నాడు. వాళ్ళు చెప్పినవన్నీ చేశాను. పదమూడుసార్లు పెట్టె వచ్చింది. పదమూడుసార్లూ మూశాను.

తొమ్మిదయింది. పది దాటింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కొత్త యంత్రం కొనమంటే వినని కమిటీవాళ్ళ మీద, ఆ ప్రోగ్రాము రాసి వదిలేసినవాళ్ళ మీద, ఫిబ్రవరిలో పుస్తకం పంపినవాళ్ళ మీద, ఒకళ్ళ మీదని కాదు. పదిన్నరకి ఆ కోపం కనకరాజు బాబాయ్ మీదికి తిరిగింది.

కనకరాజు బాబాయ్ మా ప్రూఫ్ రీడరు. యాభై ఏళ్ళుంటాయి. యంత్రంలోంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ వేళ్ళతో తడిమి తప్పు పట్టుకుంటాడు. నన్ను అమ్మడూ అని పిలుస్తాడు. ముందురోజు మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఆ గదిలో ఉన్నది ఆయనొక్కడే.

"నిన్న మీరే ఏదో నొక్కి ఉంటారు," అన్నాను. మెల్లిగా కూడా కాదు. గది గదంతా వినేట్టు.

"నేను ఆ కుర్చీ దగ్గరికి కూడా రాలేదమ్మడూ."

"మరి ఎవరొచ్చారు? దానంతటదే పాడవుతుందా? కనబడకపోతే ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు చెప్పాను?"

నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ క్షణంలో మాత్రం వందసార్లు చెప్పినట్టే అనిపించింది. కనకరాజు బాబాయ్ చేతిలో కాగితం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండింటికి మాస్టారు పోస్టాఫీసు నుంచి వచ్చారు. గుమ్మంలోనే ఆగారు. యంత్రం మోత లేదు కదా, ఆయనకి అర్థమైపోయింది.

"లేవలేదా?"

"లేదు మాస్టారూ. ఎర్రర్ వస్తోంది."

"ఏమంటోంది?"

"స్టార్ట్ అవ్వట్లేదు అంటోంది."

"అది నువ్వంటున్న మాట. అదేమంటోంది?"

"ఏదో పెద్ద మెసేజ్ మాస్టారూ. అవన్నీ చదువుతూ కూర్చోడానికి టైమెక్కడుంది? ఇప్పటికే మూడు గంటలు పోయాయి."

మాస్టారు చేతికర్ర గోడకి ఆనించి నా బల్ల దగ్గరికొచ్చారు. మానిటర్ వెనక చెయ్యిపెట్టి తడిమారు. తెరకి వెళ్ళే తీగ దొరికింది. రెండు పక్కల మరలు తిప్పి, దాన్ని ఊడలాగి, చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నారు.

తెర నల్లబడింది.

"ఇప్పుడు చెయ్యి," అన్నారు.

నా తల కొట్టేసినట్టయింది. నాలుగింటికి వ్యాను. అక్కడ పదకొండుమంది పిల్లలు. ఇక్కడ ఈయనకి పరాచికాలు. చుట్టూ ఉన్న ఐదుగురి సంగతి మర్చిపోయి నోటికొచ్చింది అనేశాను.

"నాకు కళ్ళున్నాయి మాస్టారూ."

కాగితాల మీద కదులుతున్న వేళ్ళన్నీ ఆగిపోయాయి. పక్కగదిలో పుస్తకాలు కుట్టే సత్తెమ్మ సూది కూడా ఆగింది. అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

మాస్టారికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"తెలుసు," అన్నారు. "పొద్దుట్నుంచీ వాటితోనే కదా చేస్తున్నావు."

అని ఒక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

మా కంప్యూటర్లన్నిట్లో స్క్రీన్ రీడర్ ఉంటుంది. తెర మీద ఏముందో పైకి చదివే గొంతు. మా వాళ్ళంతా దానితోనే పనిచేస్తారు. అందరికీ దాన్ని ఎక్కించి ఇచ్చింది నేనే. నేను మాత్రం ఎప్పుడూ వాడలేదు. నాకెందుకు? నా కంప్యూటర్లో దాని నోరు నొక్కి పెట్టాను.

ఇప్పుడు దాని నోరు విప్పాను. చీకట్లో మెట్లు దిగుతున్నట్టు ఒక్కో మీటా నొక్కుకుంటూ బటన్ దగ్గరికి చేరడానికే ఐదు నిమిషాలు పట్టింది. నొక్కాను. గొంతు మొదలుపెట్టింది. రెండు మాటలు అన్నదో లేదో, నా వేలు దానంతటది వెళ్ళి మీట నొక్కేసింది. పెట్టె మూసుకుంది. గొంతు ఆగిపోయింది.

"మళ్ళీ," అన్నారు మాస్టారు.

రెండోసారీ అంతే. నాలుగు మాటలకి నొక్కేశాను. కావాలని కాదు. చెయ్యి అలవాటు పడిపోయింది.

మాస్టారు పక్క బల్ల మీదున్న మూడో భాగం తాలూకు కాగితాల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టారు. రెండు కిలోలుంటుంది.

"రెండు చేతులతో పట్టుకో. జారిపోతే వరసలు కలిసిపోతాయి. బటన్ నేను నొక్కుతాను."

పట్టుకున్నాను. ఆయన నొక్కారు.

గొంతు ఇంగ్లీషులో చెప్పింది. తెలుగులో అయితే ఇదీ సంగతి. ఈ యంత్రాన్ని లేపలేకపోతున్నాను. డి డ్రైవులో, తాతగారు అనే ఫోల్డరులో, దాని లోపలి ఫోల్డరులో నాకు కావలసిన ఫైలొకటి ఉండాలి. అది అక్కడ లేదు. దాన్ని ఎవరైనా వేరేచోటికి మార్చారేమో చూడండి. ఆ తర్వాత ఆ ఫైలు పేరు చదవడం మొదలుపెట్టింది. ఏడు, ఎఫ్, మూడు, సున్నా, బి, తొమ్మిది. ఒక్కో అక్షరం విడివిడిగా, తీరిగ్గా, ఇరవై దాకా.

సగం పేరయ్యేసరికి దాన్ని ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

ముందురోజు సాయంత్రం డి డ్రైవులో చోటు లేదని నేను శుభ్రం చేశాను. డ్రైవులో ఉన్నవన్నీ సైజు ప్రకారం వరసపెడితే పైన రెండు పెద్ద ఫైళ్ళు కనిపించాయి. ఏ ఫోల్డరులోవో చూడలేదు. పేరూ ఊరూ లేవు, అన్నీ అంకెలూ అక్షరాలూ. ఎవరో వదిలేసిన చెత్త అనుకున్నాను. అయినా జాగ్రత్తపరురాలిని కదా, తీసెయ్యకుండా బయటి హార్డ్ డిస్కులోకి మార్చి, డిస్కుని సొరుగులో పెట్టాను. "నలభై జీబీ ఖాళీ చేశాను" అని ఇంటికెళ్ళే ముందు అందరికీ చెప్పాను. రెండేళ్ళుగా తాతగారిలో జరిగిన మార్పులన్నీ ఆ రెండు ఫైళ్ళలోనే ఉన్నాయి. అవి లేకుండా ఆయన లేవరు.

పొద్దుట్నుంచీ లోకంలో అందరినీ అనుమానించాను. నా మీద నాకు ఒక్క నిమిషం కూడా అనుమానం రాలేదు. ఫస్ట్ క్లాసు కదా.

"వినబడిందా?" అన్నారు మాస్టారు.

"వినబడింది."

"పొద్దుట్నుంచీ అదే చెప్పి ఉంటుంది పాపం."

జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టి, ఆయన వెళ్ళిపోయారు. నేను తీగ మళ్ళీ బిగించి, సొరుగు తెరిచి డిస్కు తీశాను. ఫైళ్ళు మళ్ళీ వాటి చోటికి చేరడానికి పావుగంట పట్టింది. బటన్ నొక్కాను. గీత పాకింది. పెట్టె రాలేదు. పాత కంప్యూటర్ పాత రాగంతో లేచింది. పన్నెండుకి పది నిమిషాల ముందు యంత్రం మొదటి కాగితం పొడవడం మొదలుపెట్టింది.

ఆ మోత వినగానే గదిలో అందరూ కదిలారు. కనకరాజు బాబాయ్ మొదటి కాగితం అందుకుని వేళ్ళు పెట్టాడు. నేను వెళ్ళి ఆయన పక్కన వంగాను.

"బాబాయ్, పొద్దున్న నేను అన్నది తప్పు. ఏమీ అనుకోకండి."

"పదిహేడో లైన్లో మొదటి చుక్క సరిగా లేవలేదు మేడమ్‌గారూ. ఒత్తిడి కొంచెం పెంచండి."

మేడమ్‌గారూ అన్నాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అలా పిలవలేదు. ఒత్తిడి పెంచి వచ్చాను. మళ్ళీ వంగాను.

"బాబాయ్."

"పొద్దున్న అందరికీ వినబడేట్టు అన్నారు," అన్నాడు కాగితం మీంచి వేళ్ళు తియ్యకుండానే. "ఇప్పుడు చెవిలో చెబుతున్నారేం?"

నాకు మళ్ళీ కోపం వచ్చింది. అబద్ధమెందుకు, వచ్చింది. క్షమించమని అడుగుతుంటే ఇంకా బెట్టేమిటి అనుకున్నాను. అనుకుని, రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఆయన అడిగినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

యంత్రం పనిచేస్తుంటే ఆ గదిలో మామూలు గొంతు వినబడదు. అరవాల్సి వచ్చింది.

"అందరూ వినండి. ఆ ఫైళ్ళు నిన్న సాయంత్రం మార్చింది నేను. కనకరాజు బాబాయ్ ఈ కుర్చీ దగ్గరికి రాలేదు. ఆయనకి నేను ముట్టుకోవద్దని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పానని అన్నది అబద్ధం. కనబడకపోతే అని నేనన్న మాట చాలా తప్పు."



"ఇంకోసారి చెప్పమ్మా," అంది సత్తెమ్మ పక్కగదిలోంచి. "మిషను మోతలో చివరిది వినబడలేదు."

ఇంకోసారి చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. కనకరాజు బాబాయ్ నవ్వలేదు. తర్వాతి కాగితం కోసం చెయ్యి చాచాడు, అంతే. నేను అందించాను. ఆ రోజంతా ఆయనకి నేను మేడమ్‌గారినే.

అన్నం తినడానికి కూడా ఎవరూ లేవలేదు. సత్తెమ్మ ఒక్కో ప్రతీ వేడివేడిగా కుట్టి అట్ట వేసింది. మాస్టారు ఒక్కో పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తడిమి చూసి పక్కన పెట్టారు. నేను కాగితం పెట్టెలు మోశాను. గోడ మీది నా లెక్క వైపు చూడబుద్ధి కాలేదు.

నాలుగింటికి వ్యాను వచ్చింది. బల్ల మీద పుస్తకాలు ఆరున్నాయి.

డ్రైవరు లోపలికొచ్చి, "చీకటి పడితే ఘాటీ రోడ్డు ఎక్కడం కష్టం మాస్టారూ, ఉన్నవి ఇచ్చెయ్యండి" అన్నాడు. అతన్నేమీ అనడానికి లేదు. ఆరూ గోనెసంచిలో సర్దాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. నీలవేణి. హాస్టల్లో పదో తరగతి పిల్ల. పది రోజులుగా రోజూ ఈ వేళకి వార్డెన్ ఫోన్ అడిగి తీసుకుని, నాలుగో భాగం వచ్చిందా అక్కా అని అడుగుతుంది. మా గదిలో ఫోన్లన్నీ స్పీకర్లోనే మాట్లాడతాం, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి.

"అక్కా, వ్యాను బయల్దేరిందా?"

"బయల్దేరుతోందమ్మా. ఆరే అయ్యాయి."

"ఆరేనా? పదకొండన్నారు కదా. మిషను పాడయిందా అక్కా?"

అవునంటే అయిపోయేది. ఆ గదిలో ఎవరూ నన్ను కాదనేవాళ్ళు కాదు. పద్దెనిమిదేళ్ళ యంత్రం కదా, ఎవరైనా నమ్ముతారు. యంత్రం ఆగి ఉంది. ఐదుగురూ వింటున్నారు.

"లేదమ్మా. నేను పాడుచేశాను. కావలసిన ఫైలు నేనే తీసి దాచి, పొద్దున్నంతా వేరేవాళ్ళని తిట్టాను. ఏం పోయిందో కంప్యూటర్ చెబుతూనే ఉంది. నేను వినలేదు. మూడున్నర గంటలు పోయాయి. ఆ టైములో ఐదు పుస్తకాలు అయిపోయేవి."

  అవతల వెనకాల ఎవరో పిల్లలు, ఏమందే, ఏమందే అని గుసగుసలాడుతున్నారు.

"శనివారం మా పరీక్ష అని మీకు తెలుసు కదక్కా," అంది నీలవేణి. గొంతులో ఏడుపు లేదు. కోపం ఉంది. అందులో పొద్దున్న నా కోపంలో ఉన్నంత అరుపు లేదు గానీ, దానికంటే ఎక్కువ న్యాయం ఉంది.

"తెలుసు."

"త్రికోణమితిలో బొమ్మలుంటాయి. అవి ఒకళ్ళు చదివితే ఇంకొకళ్ళకి రావు. వేళ్ళు పెట్టి చూడాలి. అదీ తెలుసా?"

"తెలుసమ్మా."

"ఉన్నది రేపొక్కరోజే."

"అవును."

"అయితే చెప్పండి," అంది. "ఏ ఆరుగురికి ఇమ్మంటారు?"

డ్రైవరు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయాడు. కనకరాజు బాబాయ్ చేతుల్లో కాగితం ఆగిపోయింది.  మాస్టారు కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నారు, ముఖం కిటికీ వైపు పెట్టి. నేను ఆయన వైపు తిరిగాను.

"నా వైపు చూడకమ్మా," అన్నారు మాస్టారు. "అడిగింది నిన్ను."